ముందు చక్రాల హమ్మింగ్: ఒకే మోతగా వినిపించిన మూడు మోతలు

కారు ముందు చక్రాలతో నడిచే పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. మీటరు మీద 71 వేల చిల్లర. టైర్లు 185/65 ఆర్ 15 సైజు, వేసి 26 వేల కిలోమీటర్లు అయింది, మధ్యలో ఒక్కసారి కూడా ముందువి వెనక్కి మార్చలేదు. కంప్లైంట్ ఒక్కటే: వేగం 40 దాటితే ముందు నుంచి హూమ్మని మోత.

మాస్టారిది విజయవాడ సింగ్ నగర్. రోజూ గుడివాడ వైపు ఒక ఊరి బడికి కారులో వెళ్లి వస్తారు. ఆటోనగర్‌లో మా షెడ్డుకు రావడం అదే మొదటిసారి. వచ్చేటప్పటికే బాగా విసిగిపోయి ఉన్నారు.

"బాబూ, కారులో తుమ్మెద దూరినట్టుంది. 80కి వెళ్తే పక్క సీట్లో వాళ్ల మాట వినబడదు. ఎడమ బేరింగ్ రెండు నెలల కిందట మార్పించాను. మొదట్లో తగ్గినట్టే తగ్గి మళ్లీ మొదలైంది. ఇంకోచోట చూపిస్తే టైర్లు మార్చమన్నారు. ఏది మార్చమంటే అది మారుస్తాను గానీ, ఇదే ఆఖరుసారి కావాలి."

ఆయన బాధ నాకు అర్థమైంది. హమ్మింగ్ కేసుల్లో ఎక్కువ డబ్బు పోయేది ఇలాగే. చెవికి తోచిన వైపు బేరింగ్ మార్చడం, తగ్గకపోతే రెండో వైపు మార్చడం, అప్పటికీ తగ్గకపోతే టైర్లు. ఒక్కో అడుగులో ఏదో ఒకటి కొంచెం తగ్గుతుంది కాబట్టి సరైన దారిలోనే ఉన్నామనిపిస్తుంది. అందుకే స్పానర్ పట్టుకోకముందే ఆయన్ని కూర్చోబెట్టి కారు చరిత్ర అడిగాను. గుంటలో గట్టిగా పడిందా, చక్రం ఎప్పుడైనా ఫుట్‌పాత్‌కి కొట్టుకుందా, అలైన్‌మెంట్ ఎప్పుడు చేయించారు, ఇలాంటివి. అన్నీ చెప్పాక, లేవబోతూ ఒక మాట అన్నారు. "బుడమేరు వరదలో కారు నాలుగు రోజులు నీళ్లలోనే ఉంది. ఇన్సూరెన్స్ వాళ్లు సీట్లు, వైరింగ్, ఆయిల్స్ అన్నీ మార్పించారు."

2024 సెప్టెంబరు మొదటి వారంలో బుడమేరు పొంగి సింగ్ నగర్ అంతా మునిగిపోవడం ఈ ఊళ్లో ఎవరూ మరిచిపోలేదు. ఆ నెలలో ఆటోనగర్‌కి వచ్చిన కార్లలో చాలావాటి ఇంజిన్, సీట్లు, కంప్యూటర్ చూశాం. చక్రాల బేరింగుల గురించి అడిగినవాళ్లు తక్కువ. బేరింగ్‌కి రెండు వైపులా సీలు ఉంటుంది, నిజమే. కానీ ఆ సీలు రోడ్డు మీద చిమ్మే నీళ్లను ఆపడానికి పెట్టింది. రోజుల తరబడి బురద నీళ్లలో మునిగి ఉంటే లోపలికి తడి చేరకుండా ఆపుతుందన్న హామీ ఉండదు. లోపలికి చేరిన తడి వెంటనే మోత పెట్టదు. మెల్లగా తుప్పు పట్టిస్తుంది. మాస్టారి కారుకి మోత మొదలైంది వరద తర్వాత తొమ్మిది నెలలకు.

ఆ మాటతో బేరింగ్ మీద అనుమానం బలపడింది. అయినా అనుమానం వేరు, రుజువు వేరు. ట్రయల్‌కి బయల్దేరాం. నేను డ్రైవింగ్ సీట్లో, మాస్టారు పక్కన, మా కుర్రాడు వెనక.

ఆటోనగర్ నుంచి గన్నవరం వైపు హైవే ఎక్కి, రద్దీ పలచబడ్డాక వేగం పెంచాను. 40 దగ్గర మోత మొదలైంది. 60 నుంచి 80 మధ్య బాగా పెరిగింది. 70 మీద ఉండగా గేరు న్యూట్రల్‌లో పెట్టాను. ఇంజిన్ చప్పుడు పడిపోయింది, మోత మాత్రం అలాగే ఉండి, కారు వేగం తగ్గే కొద్దీ తగ్గింది. అంటే ఇంజిన్‌కి, దాని బెల్టులకి సంబంధం లేదు. ఈ పరీక్ష చేసేటప్పుడు ఇంజిన్ ఆపకూడదు. ఆపితే స్టీరింగ్, బ్రేకు రెండూ బరువెక్కిపోతాయి. తర్వాత అదే 60 వేగంలో ఒకసారి మూడో గేరు, ఒకసారి నాలుగు, ఒకసారి ఐదు వేసి చూశాను. తేడా లేదు. యాక్సిలరేటర్ తొక్కినా వదిలినా తేడా లేదు. గేర్‌బాక్స్ బేరింగ్ అయితే సాధారణంగా ఇక్కడే బయటపడుతుంది. యాక్సిల్ జాయింట్ పోతే వచ్చేది హమ్మింగ్ కాదు, స్టీరింగ్ పూర్తిగా తిప్పి కదిలిస్తే టకటకమంటుంది. అదీ లేదు.

మిగిలినవి రెండే, టైరు, బేరింగ్. ఈ రెండింటినీ వేరు చేయడమే అసలు పని.

రోడ్డు ఖాళీగా ఉన్న చోట, వెనక ఎవరూ లేరని చూసుకుని, 60లో స్టీరింగ్‌ని మెల్లగా ఎడమకు, కుడికి ఊపాను. లేన్ మారేటప్పుడు తిప్పేంత, అంతే. ఎడమకు తిప్పినప్పుడు మోత లావైంది. కుడికి తిప్పినప్పుడు సన్నబడింది. ఎడమకు తిరిగితే కారు బరువు కుడి చక్రాల మీదకు ఒరుగుతుంది. కాబట్టి అనుమానం కుడి బేరింగ్ మీద. మాస్టారు మాత్రం ఒప్పుకోలేదు. "నాకు ఎడమ నుంచే వినబడుతోంది బాబూ" అన్నారు. వెనకున్న కుర్రాడు కూడా "ఎడమే అన్నా" అన్నాడు. ఇక్కడ చెవిని నమ్మకూడదు. మోత బేరింగ్‌ను పట్టి ఉంచే నకిల్ అనే లోహపు భాగం, దాని పైనున్న స్ట్రట్ అనే షాక్ అబ్జార్బర్, బాడీ రేకు మీదుగా పాకి వస్తుంది. కుడి చక్రంలో పుట్టింది ఎడమ డ్యాష్‌బోర్డ్ కింద వినబడవచ్చు. మొదటిసారి ఎడమ బేరింగ్ మార్చడానికి కారణం కూడా బహుశా అదే వినికిడి.

ఒరిగే పరీక్షను కూడా ఒక్కదాన్నే నమ్ముకోకూడదు. చక్రం బిగించే హబ్బు తిరిగేది హబ్ బేరింగ్ మీద, అందులో గోళీలు రెండు వరుసలు ఉంటాయి. ఏ వరుస దెబ్బతింది అన్నదాన్ని బట్టి కొన్నిసార్లు బరువు తగ్గిన వైపు బేరింగే ఎక్కువ అరుస్తుంది. అందుకని దీన్ని సాక్ష్యంగా తీసుకున్నానే గానీ తీర్పుగా తీసుకోలేదు.

ఇంకో గమనిక. పాత గరుకు తారు మీద నుంచి కొత్తగా తారు వేసిన నున్నటి చోటికి వెళ్లగానే మోతలో పై పొర ఒకటి తగ్గింది, అడుగున గుర్రుమనే పొర మాత్రం మారలేదు. రోడ్డు మారితే మారేది టైరు మోత. బేరింగ్‌కి రోడ్డుతో పని లేదు. దాంతో నాకు తోచింది ఏమిటంటే ఇక్కడ మోత ఒకటి కాదు, కనీసం రెండు.

దీని వెనక చిన్న లెక్క ఉంది. ఈ సైజు టైరు చుట్టుకొలత దాదాపు 1.95 మీటర్లు. 60 వేగంలో సెకనుకు సుమారు 8.5 చుట్లు తిరుగుతుంది. టైరు చుట్టూ రోడ్డును తాకే రబ్బరు దిమ్మలు 60, 70 దాకా ఉంటాయి. అవన్నీ రోడ్డును తాకుతూ పోతే సెకనుకు ఐదారు వందల దెబ్బలు, అంటే సన్నటి, ఈల కలిసిన మోత. బేరింగ్‌లో ఒక్కో వరుసకి పది, పదిహేను మధ్య గోళీలు ఉంటాయి. గోళీలు దొర్లే ఉక్కు రింగును రేసు అంటాం, లోపల ఒకటి, బయట ఒకటి ఉంటాయి. కదలని బయటి రేసు మీద ఒకచోట గుంట ఉంటే, చక్రం ఒక చుట్టు తిరిగేసరికి ఆ గోళీల్లో సగానికి కొంచెం తక్కువ దాని మీదుగా వెళ్తాయి. అంటే సెకనుకు 40, 50 దెబ్బలు. అది లావు గొంతు. బ్యాలెన్సింగ్ లోపమైతే సెకనుకు 8.5 దెబ్బలే కాబట్టి చెవికి వినబడదు, స్టీరింగ్ వణుకుతుంది. ఈ తేడా ఒకసారి బుర్రకెక్కితే ట్రయల్‌లోనే సగం పని అయిపోతుంది. మా దగ్గర పని నేర్చుకునే ప్రతి కుర్రాడికీ ఈ లెక్క గోడ మీద సుద్దముక్కతో వేసి చూపిస్తాను.

షెడ్డుకు వచ్చి ముందు టైర్ల మీద చెయ్యి పెట్టాను. లోపలి అంచు దిమ్మలు రంపపు పళ్లలా అరిగాయి. తిరిగే దిశలో నిమిరితే నున్నగా ఉంది, ఎదురు నిమిరితే చేపను తోక నుంచి తల వైపు నిమిరినట్టు గుచ్చుకుంది. కంటికి మాత్రం టైరు బాగానే కనబడుతుంది, ట్రెడ్ లోతు కూడా ఇంకా చాలా ఉంది. ముందు టైర్లు రెండూ వెనక్కి, వెనకవి ముందుకు మార్చి, నాలుగింటిలో గాలి సరిచేసి మళ్లీ ట్రయల్‌కి వెళ్లాం.

ఈసారి ఆ సన్నటి మోత వెనక సీటు కింద నుంచి వచ్చింది. ముందు బాగా తేలికైంది. మాస్టారి మొహం వెలిగింది. "చాలు బాబూ, ఇంతేనా" అన్నారు. అక్కడ ఆపేసి ఉంటే ఆయన ఆ పూట సంతోషంగానే వెళ్లేవారు. కానీ ఎడమకు తిప్పితే కింద ఆ గుర్రు ఇంకా పెరుగుతూనే ఉంది. "లేదండీ, ఇంకోటి ఉంది, బండి రేపటి దాకా ఉంచండి" అన్నాను.

మర్నాడు పొద్దున లిఫ్ట్ మీద పెట్టాం. చక్రాన్ని పైన, కింద పట్టుకుని ఊపితే ప్లే, అంటే వదులుగా కదలడం, లేదు. రెండు పక్కలా పట్టుకుని ఊపినా లేదు. చాలామంది ఇక్కడే పొరపాటు పడతారు. ప్లే లేదు కాబట్టి బేరింగ్ బాగుందని రాసి పంపేస్తారు. ఈ రకం బేరింగ్ రేసు గుంటలు పడి అరుస్తున్నా చాలాకాలం ప్లే చూపించదు. ప్లే వచ్చిందంటే అప్పటికే ప్రమాదం దగ్గర పడినట్టు.

ఒక చేత్తో కాయిల్ స్ప్రింగ్ పట్టుకుని రెండో చేత్తో చక్రం తిప్పడం నాకు బాగా నమ్మకమైన పద్ధతి. చెవి కంటే వేళ్లకు త్వరగా తెలుస్తుంది. కుడి స్ప్రింగ్‌లో జివ్వుమని సన్నటి వణుకు. ఎడమ వైపు దాదాపు ఏమీ లేదు. దాదాపు అనే అన్నాను. అక్కడా ఏదో తగిలీ తగలనట్టు ఉంది. అందుకని రెండు వైపులా చక్రం, క్యాలిపర్, డిస్క్ తీసేసి హబ్బును చేత్తో తిప్పాను. బ్రేకు ప్యాడ్ల రాపిడి ఉంటే చిన్న తేడాలు తెలియవు. కుడి హబ్బు గరగరమంది, ఇసుక కలిసిన తిరగలి తిప్పినట్టు. ఎడమ హబ్బులో గరుకు లేదు గానీ, మెల్లగా తిప్పుతుంటే సమానమైన దూరంలో చిన్న చిన్న ఆటంకాలు తగిలాయి. కొత్త బేరింగ్ అలా ఉండకూడదు.

కొందరు కారు లిఫ్ట్ మీద ఉండగానే ఇంజిన్ స్టార్ట్ చేసి, గేరు వేసి స్టెతస్కోప్ పెడతారు. అవసరమైతే నేనూ చేస్తాను, కానీ అందులో ఇబ్బందులు ఉన్నాయి. చక్రాలు వేలాడుతున్నప్పుడు యాక్సిల్ జాయింట్లు వంకరగా ఉండి వాటి మోత కలుస్తుంది. లోయర్ ఆర్మ్ కింద స్టాండు పెట్టి మామూలు ఎత్తుకు తేవాలి. ఒక చక్రం ఆగిపోతే డిఫరెన్షియల్ వల్ల రెండోది మీటరు చూపించే వేగానికి రెట్టింపు తిరుగుతుంది. తిరిగే చక్రం దగ్గర చెయ్యి, చొక్కా అంచు, గుడ్డముక్క ఏదీ ఉండకూడదు. ఈ కారుకి ఆ పని అవసరం రాలేదు.

మాస్టారికి ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. కుడి బేరింగ్ ఖాయంగా పోయింది. ఎడమది అనుమానం. ముందు కుడి మారుస్తాం, రెండు రోజులు మీ దారిలో తిప్పండి, తర్వాత ఎడమ సంగతి తేల్చుకుందాం. ఎడమకి ఆయన అప్పటికే ఒకసారి డబ్బు పెట్టారు. రుజువు లేకుండా మళ్లీ పెట్టించడం నాకు ఇష్టం లేకపోయింది.

కుడి నకిల్ విప్పి ప్రెస్ మీద హబ్బు దింపాం. బేరింగ్ బయటి వైపు వరుస తాలూకు లోపలి రేసు హబ్బుకే అంటుకుని వచ్చింది, ఇది మామూలే. దాన్ని గ్రైండర్‌తో కోస్తే త్వరగా వస్తుంది గానీ, చెయ్యి జారితే హబ్బు మీద గాటు పడుతుంది. పుల్లర్‌తో తీశాం. గ్రీజు కాఫీ రంగులో, బురదలా ఉంది. కిరోసిన్‌తో కడిగి రేసు చూస్తే సమాన దూరంలో నల్లటి, గరుకు మచ్చలు. దూరం కొలిస్తే సరిగ్గా గోళీకీ గోళీకీ మధ్య ఉండే దూరం. కారు కదలకుండా నీళ్లలో ఉన్న నాలుగు రోజులు, తర్వాత గ్యారేజీలో వంతు కోసం నిలబడ్డ రోజులు, గోళీలు ఎక్కడ ఆగి ఉన్నాయో అక్కడే రేసు మీద తుప్పు పట్టింది. ఆ తర్వాత తిరిగిన ప్రతి చుట్టూ ఆ మచ్చను కొంచెం కొంచెం పెకలించింది.

కొత్తది ఎక్కించే పనిలో నేను అస్సలు రాజీపడను. నకిల్‌లోకి బేరింగ్ నొక్కేటప్పుడు బలం బయటి రేసు మీదే పడాలి. తర్వాత హబ్బును బేరింగ్‌లోకి నొక్కేటప్పుడు కింద లోపలి రేసుకు ఆనుడు పెట్టాలి. ఈ రెంటిలో ఏది తప్పినా నొక్కుడు బలం గోళీల మీదుగా వెళ్తుంది, కొత్త బేరింగ్ రోడ్డెక్కకముందే దెబ్బతింటుంది. ఈ కారులో బేరింగ్ ఒకవైపు సీల్‌లో ఏబీఎస్ సెన్సర్ చదివే అయస్కాంతపు రింగు ఉంటుంది. అది సెన్సర్ వైపుకే రావాలి. తిరగేసి పెడితే ఏబీఎస్ లైటు వెలుగుతుంది, మళ్లీ విప్పాలి, విప్పితే ఆ బేరింగ్ ఇక పనికిరాదు. బేరింగ్ జారకుండా పట్టుకునే సర్‌క్లిప్ గాడిలో పూర్తిగా కూర్చుందో లేదో వేలితో తడిమి చూశాం. యాక్సిల్ నట్టు కొత్తది వేసి, కారు కిందకు దించకముందే మాన్యువల్ చెప్పిన టార్క్‌కు, అంటే బిగింపు బలానికి, బిగించాం. ఆ నట్టు వదులుగా ఉండగా కారు బరువు చక్రం మీద పడకూడదు. గజం దూరం తోసినా కూడదు.

రెండు రోజుల తర్వాత మాస్టారు వచ్చారు. గుర్రు పోయింది. కానీ 70 దాటాక ఎక్కడో లోతులో సన్నగా ఒక జీర ఉందన్నారు. ట్రయల్‌కి వెళ్తే నిజమే. కుడికి తిప్పితే అది కొంచెం పెరుగుతోంది. పెద్ద మోత పోయాక దాని చాటున ఉన్న చిన్నది బయటపడింది. ఆయనే అన్నారు, "ఎడమది కూడా విప్పేయండి, చూద్దాం."

ఎడమ బేరింగ్‌లో గ్రీజు శుభ్రంగా, కొత్తదిగానే ఉంది. తుప్పు చుక్క లేదు. రేసు కడిగి వెలుతురులో తిప్పితే ఇక్కడా సమాన దూరంలో గుర్తులు. కానీ ఇవి వేరు. నల్లగా, గరుకుగా లేవు. నున్నగా మెరుస్తూ, గోరుతో మైనం మీద నొక్కినట్టు ఉన్నాయి. పైగా గాడి నడిమధ్యలో కాకుండా ఒక అంచు వైపుకు ఉన్నాయి. పక్క నుంచి పడిన బలం గోళీలను రేసు అంచుకు ఒత్తితే పడే గుర్తులివి. సుత్తితో కొట్టి దించారో, ప్రెస్ మీదే ఆనుడు తప్పుగా పెట్టారో చెప్పలేను. కొత్త బేరింగ్ వేసేటప్పుడే పాడైంది, అంతవరకు ఖాయం. ఇంతకుముందు చూసిన షెడ్డు వాళ్లు ఎడమ బేరింగ్ మార్చడం తప్పని నేను అనను. వరదలో రెండూ మునిగాయి, మార్చినప్పుడు మోత కొంత తగ్గింది కూడా. ఎక్కించడంలో తప్పు జరిగింది. పార్టు నకిలీదేమోనని మాస్టారు అనుమానపడ్డారు. రేసు చూపించి అది కాదని చెప్పాను.

రెండు వైపులా నకిల్ విప్పాం కాబట్టి అలైన్‌మెంట్ తప్పనిసరి. మెషీన్ మీద చూస్తే టో (పైనుంచి చూసినప్పుడు చక్రాలు ముందు వైపు లోపలికో బయటకో తిరిగి ఉండే వాలు) బయటకు పోయి ఉంది. టైరు లోపలి అంచు అలా అరగడానికి అదీ, టైర్లు మార్చి మార్చి తిప్పకపోవడమూ కారణం. సరిచేశాం. వెనక్కి వేసిన టైర్లు వెంటనే నిశ్శబ్దంగా మారవని ముందే చెప్పాను. రంపపు పళ్లు వెనక చక్రాల మీద నెమ్మదిగా నునుపెక్కితే కొంత తగ్గుతుంది, పూర్తిగా పోకపోవచ్చు. ట్రెడ్ లోతు బాగుంది కాబట్టి ఆ మోత కోసం టైర్లు పారేయొద్దన్నాను. రెండు బేరింగుల ఖర్చు కలిపినా ఆయన్ని కొనమన్న నాలుగు టైర్ల ఖర్చు కంటే చాలా తక్కువే అయింది. ఆ టైర్లు కొని ఉంటే, కుడి బేరింగ్ అరుస్తూనే ఉండేది, టో అలాగే ఉండేది, కొత్త టైర్లు కూడా అదే అంచున అరిగేవి.

నెలన్నర తర్వాత 2,300 కిలోమీటర్లు తిరిగి మళ్లీ వచ్చారు. ముందు వైపు 100 దాకా నిశ్శబ్దం. వెనక టైరు మోత సగానికి తగ్గింది. ఆ రోజు వెనక చక్రాలు కూడా ఎత్తి తిప్పి చూశాను, అవీ అదే వరదలో మునిగినవే కదా. కుడి వెనక చక్రం బాగుంది. ఎడమ వెనక చక్రం చివరి రెండు చుట్లలో అతి సన్నటి గరుకు తగిలింది. ఇప్పుడే మార్చాల్సినంత కాదు. వచ్చే సర్వీసులో ముందు అదే చూడాలని ఆయన సర్వీసు పుస్తకంలో తేదీ, కిలోమీటర్లు వేసి రాసి ఇచ్చాను.